పన్ను తీయించుకున్న తర్వాత ఇంట్లో ఎలా జాగ్రత్తపడాలి?

పన్ను తీసిన గుంటలో కొద్దిసేపటికే రక్తం గడ్డకడుతుంది. కింద ఉన్న ఎముకనూ నరాల కొసలనూ కప్పి ఉంచే సహజమైన కట్టు ఆ గడ్డే. కొత్త కణజాలం దాన్ని ఆధారం చేసుకుని పెరుగుతూ గుంటను పూడుస్తుంది. దంత వైద్యులు చెప్పే జాగ్రత్తల్లో చాలావరకు ఈ గడ్డ కదలకుండా కాపాడుకోవడానికే కాబట్టి, ప్రతి జాగ్రత్త వెనుక ఉన్న కారణం తెలిస్తే పాటించడం తేలికవుతుంది. ఇక్కడ చెప్పినవి సాధారణంగా అందరికీ వర్తిస్తాయి. మీ వైద్యుడు మీ పరిస్థితిని బట్టి వేరేగా చెప్పి ఉంటే ఆ మాటే వినండి.

మొదటి గంట

గుంట మీద పెట్టిన గాజ్ (పలచని నూలు గుడ్డ) మడతను 30 నుంచి 45 నిమిషాల పాటు గట్టిగా కొరికి పట్టుకోవాలి. రక్తాన్ని ఆపేది ఒత్తిడే కాబట్టి, ఆ గాజ్‌ను ఊరికే నోట్లో ఉంచుకోవడం వల్ల గాని, నములుతూ ఉండటం వల్ల గాని ప్రయోజనం లేదు. ఆగిందో లేదో చూద్దామని మధ్యలో తీస్తే అప్పుడే కడుతున్న గడ్డ దానికి అంటుకుని ఊడివస్తుంది. నోట్లో ఊరే లాలాజలాన్ని ఉమ్మకుండా మింగేయండి.

గాజ్ తీసిన తర్వాత కూడా రక్తం కారుతుంటే, మరో శుభ్రమైన గాజ్‌ను మడిచి, నీళ్లలో తడిపి పిండి, సరిగ్గా గుంట మీదే పడేలా పెట్టుకుని, నిటారుగా కూర్చుని ఇంకో 30 నిమిషాలు కొరికి పట్టండి. పొడిగా పెడితే అది గడ్డకు అతుక్కుంటుంది. మొదటి 24 గంటల్లో ఉమ్మి ఎర్రగా ఉండటం, దిండు మీద చిన్న మరక పడటం మామూలే. కొద్దిపాటి రక్తమే లాలాజలంలో కలిసి చాలా ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి దాన్ని చూసి బెదిరిపోనవసరం లేదు.

మత్తు ఇంజెక్షన్ ప్రభావం కొన్ని గంటల పాటు ఉంటుంది. పెదవి, నాలుక, బుగ్గ మొద్దుబారి ఉన్నంతసేపు ఏమీ నమలకూడదు, వేడివి తాగకూడదు. కొరుక్కున్నా కాలినా తెలియదు. చిన్నపిల్లలు ఆ మొద్దుబారిన పెదవిని ఆటగా కొరుక్కుని పుండు చేసుకుంటారు. అందుకే స్పర్శ తిరిగి వచ్చేవరకు పెద్దవాళ్లు ఎవరైనా పక్కనే ఉండి కనిపెట్టుకుని ఉండటం అవసరం.

మొదటి 24 గంటలు

ఈ ఒక్క రోజు నోరు పుక్కిలించకూడదు, గట్టిగా ఉమ్మకూడదు, స్ట్రాతో ఏదీ తాగకూడదు. పీల్చడం వల్ల గాని, ఉమ్మడం వల్ల గాని నోట్లో పుట్టే ఒత్తిడికి గడ్డ స్థానం తప్పుతుంది. సిగరెట్ విషయంలో పీల్చే ఒత్తిడితో పాటు పొగ కూడా హాని చేస్తుంది. నికోటిన్ చిగుళ్లకు రక్త ప్రసరణను తగ్గించి, గాయం మానడాన్ని ఆలస్యం చేస్తుంది. కనీసం 3 రోజులు, వీలైతే వారం పాటు పొగ మానేయమని నేను మరీ మరీ కోరుతున్నాను, ఎందుకంటే పన్ను తీయించుకున్న తర్వాత వచ్చే ఇబ్బందుల్లో మన చేతుల్లో ఉన్న కారణాలలో ఇది చాలా పెద్దది. మద్యానికి కూడా దూరంగా ఉండాలి. వైద్యుడు మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ రాసి ఉంటే ఆ మందు వాడుతున్నన్నాళ్లూ, ఆపిన తర్వాత మరో 3 రోజుల వరకూ అసలు ముట్టకూడదు.

బరువులు ఎత్తడం, పరుగెత్తడం, చాలాసేపు వంగి పనిచేయడం వల్ల తలకు రక్తపోటు పెరిగి ఆగిన రక్తం మళ్లీ మొదలుకావచ్చు. పడుకునేటప్పుడు ఒక దిండు అదనంగా వేసుకుని తల కొంచెం ఎత్తులో ఉంచుకోండి.

నొప్పి, వాపు

నొప్పి మాత్రను మత్తు పూర్తిగా దిగక ముందే వేసుకోవడం మంచిది. నొప్పి ముదిరిన తర్వాత తగ్గించడం కష్టం. వైద్యుడు రాసిన మోతాదును మించకండి. పారాసిటమాల్ పెద్దవారిలో 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు. జలుబు, జ్వరం మాత్రల్లో కూడా అదే మందు కలిసి ఉంటుంది కాబట్టి లెక్క చూసుకోవాలి. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భిణులు వైద్యుని అడగకుండా ఐబుప్రొఫెన్ అనే నొప్పి మాత్ర వేసుకోకూడదు. ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచుతుంది కాబట్టి నొప్పికి దాన్ని వాడకండి, చిగురు మీద పెడితే అక్కడ కాలి పుండవుతుంది. అయితే గుండె జబ్బుకు వైద్యుడు రాసిన ఆస్పిరిన్‌ను గాని, రక్తాన్ని పలచబరిచే ఇతర మందులను గాని సొంతంగా ఆపడం చాలా ప్రమాదకరం.

వాపు తగ్గడానికి ఐస్‌ను గుడ్డలో చుట్టి, బుగ్గకు బయటివైపు 15 నుంచి 20 నిమిషాలు పెట్టి, మళ్లీ అంతసేపు తీసేస్తూ మొదటి రోజంతా చేయవచ్చు. సాధారణంగా రెండో రోజుకో మూడో రోజుకో వాపు బాగా ఎక్కువై ఆ తర్వాత తగ్గుముఖం పడుతుంది, కనుక మర్నాడు ముఖం మరింత ఉబ్బి కనిపించినంత మాత్రాన చీము పట్టిందని అనుకోనవసరం లేదు. రెండు రోజుల తర్వాత ఐస్‌కు బదులు గోరువెచ్చని కాపడం హాయినిస్తుంది. కింది జ్ఞానదంతం తీయించుకున్న వారికి కొన్నాళ్లు నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం కూడా మామూలే.

తిండి

చల్లగా లేదా గోరువెచ్చగా ఉండే మెత్తటి ఆహారాన్ని రెండోవైపు నమిలి తినండి. పెరుగు, మెత్తగా ఉడికించిన కూరగాయలు, చల్లారిన సూపు, పండ్ల గుజ్జు సరిపోతాయి. గట్టివి, కరకరలాడేవి, కారంగా ఉండేవి, గుంటలో చిక్కుకునే చిన్న గింజలు ఉన్నవి కొద్దిరోజులు మానేయండి. నీళ్లు బాగా తాగండి.

రెండో రోజు నుంచి

24 గంటలు గడిచాక, ఒక గ్లాసు గోరువెచ్చని నీటిలో అర టీస్పూన్ ఉప్పు కలిపి, ప్రతిసారీ తిన్న తర్వాత నోట్లో పోసుకోండి. బుగ్గలతో గట్టిగా పుక్కిలించకుండా తలను నెమ్మదిగా అటూ ఇటూ వంచి, నీళ్లు వాటంతటవే బయటకు జారిపోనివ్వండి. ఇలా ఒక వారం చేయాలి. మిగతా పళ్లను మొదటి రోజు కూడా మెత్తటి బ్రష్‌తో తోముకోవచ్చు, గుంట జోలికి మాత్రం పోకూడదు. నోరు మురికిగా ఉంటే గాయం మానడం ఆలస్యమవుతుంది.

చాలామంది పొరబడే చోటు ఒకటుంది. కొన్ని రోజులకు గుంటలో తెల్లగానో పసుపుగానో ఒక పొర కనిపిస్తుంది. దాన్ని చీము అనీ, ఇరుక్కున్న తిండి అనీ అనుకుని పుల్లతోనో వేలితోనో గీకేస్తారు. నిజానికది మానుతున్న గాయం మీద ఏర్పడే పొర. నొప్పి పెరగకుండా, దుర్వాసన లేకుండా ఉన్నంతవరకు దాన్ని తాకనే కూడదు. కరిగే కుట్లు వేసి ఉంటే ఒకటి రెండు వారాల్లో రాలిపోతాయి, కరగనివైతే వైద్యుడు చెప్పిన రోజున తీయించుకోవాలి. పైన చిగురు మూసుకోవడానికి కొన్ని వారాలు, లోపల ఎముక నిండడానికి కొన్ని నెలలు పడుతుంది.

మూడో రోజు నొప్పి పెరిగితే

నొప్పి రోజురోజుకీ తగ్గాలి. తగ్గుతూ వచ్చిన నొప్పి 2 నుంచి 4 రోజుల మధ్య ఒక్కసారిగా తిరగబెట్టి, చెవి దాకా లాగుతూ, మాత్రలకు లొంగకుండా, నోట్లో చెడు వాసనతో ఉంటే అది డ్రై సాకెట్ కావచ్చు. గడ్డ ఊడిపోయి ఎముక బయటపడటం వల్ల ఇది వస్తుంది. కింది దవడ పళ్లు తీయించుకున్న వారిలో, పొగ తాగేవారిలో ఎక్కువ. ఇంటి చిట్కాలతో కాలం గడపకండి. వైద్యుడు గుంటను కడిగి మందు కట్టు పెడితే తరచుగా కొద్దిసేపట్లోనే ఉపశమనం కలుగుతుంది.

ఎప్పుడు వెంటనే వెళ్లాలి?

గంటసేపు నొక్కి పట్టినా రక్తం నోరు నిండేలా వస్తున్నా, 38 డిగ్రీల సెల్సియస్ దాటి జ్వరం వచ్చినా, మూడు రోజుల తర్వాత వాపు తగ్గకుండా పెరుగుతున్నా, చీము కారుతున్నా, మర్నాటికి కూడా పెదవి మొద్దుబారే ఉన్నా, పైపన్ను తీసిన తర్వాత తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తున్నా దంత వైద్యునికి చెప్పాలి. మధుమేహం ఉన్నవారు, ఎముకలు గుల్లబారే జబ్బుకు మందులు వాడేవారు చిన్న మార్పును కూడా ఉపేక్షించకూడదు. మింగడం కష్టమైనా, ఊపిరి ఆడకపోయినా, వాపు మెడకు గాని కంటికి గాని పాకినా తెల్లవారే దాకా ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి.