సూర్య నమస్కారాలతో స్టామినా పెంచుకోవడం ఎలా?

రెండంతస్తులు ఎక్కితేనే ఆయాసం వస్తోందా, అయితే ఒక రెండు నెలలు సూర్య నమస్కారాలు గట్టిగా చేసి చూడండి. గట్టిగా అంటే ఫాస్ట్‌గా అని కాదు, మధ్యలో ఆగకుండా అని. రెండు రౌండ్లు చేసి పడుకుంటే ఒళ్లు కాస్త సాగుతుందేమో గానీ దమ్ము మాత్రం పెరగదు.

పొద్దున్నే పరగడుపున చెయ్యండి, సాయంత్రమైతే తిన్నాక మూడు గంటలైనా గ్యాప్ ఉండాలి. మామూలు చాప జారుతుంది, యోగా మ్యాట్ లేకపోతే ఉత్త గచ్చు మీద చేసినా పర్లేదు. బీపీ, గుండె జబ్బు, డిస్క్ ప్రాబ్లం, గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా అస్సలు మొదలుపెట్టొద్దు.

మొదటి రెండు వారాలు శ్వాస మీదే దృష్టి పెట్టండి. చేతులు పైకెత్తి వెనక్కి వంగేటప్పుడు పీల్చాలి, ముందుకి వంగుతూ వదలాలి, కాలు వెనక్కి వేస్తూ పీల్చాలి, పర్వతాసనంలో (చేతులూ కాళ్లూ నేల మీద ఉంచి నడుము పైకెత్తి) వదలాలి, సాష్టాంగంలో ఒక్క క్షణం ఆపి భుజంగాసనంలోకి (పాము పడగలా ఛాతీ పైకెత్తి) లేస్తూ మళ్లీ పీల్చాలి, అక్కణ్ణించి అదే వరసలో వెనక్కి రావడమే. ఒకసారి కుడికాలు, ఇంకోసారి ఎడమకాలు, రెండూ కలిపి ఒక రౌండ్. రోజుకి నాలుగు రౌండ్లు చాలు.

ఇక్కడే అసలు విషయం ఉంది, మొత్తం ముక్కుతోనే పీల్చి ముక్కుతోనే వదలాలి. నోరు తెరుచుకుందంటే మీ దమ్ముకి మించి వెళ్తున్నట్టే, ఆగిపోకుండా స్పీడ్ తగ్గించండి. నా మటుకు ఏ స్మార్ట్‌వాచ్ కన్నా ఇదే నమ్మకమైన లెక్క. మూడో వారం నుంచి రెండ్రోజులకో రౌండ్ పెంచుకుంటూ 12 దాకా వెళ్లండి, అంటే 24 నమస్కారాలు, ఇంచుమించు 15 నిమిషాల పని.

అది తేలిగ్గా అయిపోతోంది అనిపించినప్పుడే మైసూరు అష్టాంగ విన్యాస పద్ధతికి మారండి. 1930లలో మైసూరు జగన్మోహన్ ప్యాలెస్‌లో యోగా గురువు కృష్ణమాచార్య కుర్రాళ్లకి నేర్పిన సాధన నుంచి వచ్చింది ఇది, ఆయన శిష్యుడు పట్టాభి జోయిస్ దాన్ని ప్రపంచమంతా తీసుకెళ్లారు. ఇందులో నమస్కారాలు A, B అని రెండు రకాలు, Aలో 9 విన్యాసాలు (అంటే శ్వాసతో కలిసిన కదలికలు), Bలో 17, Bలో ఉత్కటాసనం (కుర్చీలో కూర్చున్నట్టు), వీరభద్రాసనం (ముందు మోకాలు వంచి నిలబడడం) కూడా ఉంటాయి కాబట్టి తొడలు మండిపోతాయి. చెరో మూడుతో మొదలుపెట్టి చెరో ఐదుకి రండి, ప్రతిసారీ అధోముఖ శ్వానాసనంలో (పైన చెప్పిన పర్వతాసనం లాంటిదే) ఐదు శ్వాసలు నిలబడాలి.

చతురంగ దండాసనం (పుషప్‌లో సగం దిగి ఆగినట్టు ఉండే ఆసనం) దగ్గర మాత్రం తొందరపడకండి. అలిసిపోయాక మోచేతులు పక్కలకి విచ్చుకుంటాయి, భుజాలు కిందకి జారతాయి, చూపుడు వేలి మొదలు మ్యాట్ మీంచి లేచిపోయి బరువంతా మణికట్టు బయటి వైపు పడుతుంది, చాలామందికి నొప్పులు మొదలయ్యేది అక్కడే. చూపుడు వేలి మొదలు నొక్కిపెట్టి మోచేతులు పక్కటెముకలకి ఆనించి దిగండి, ఆగలేకపోతే మోకాళ్లు ఆనించండి, నామోషీ ఏం లేదు.

వారానికో రోజు సెలవు, మైసూరు వాళ్లయితే అమావాస్య, పౌర్ణమికి కూడా చెయ్యరు. చివర్లో శవాసనం పది నిమిషాలు, గుండె దడ పూర్తిగా తగ్గేదాకా లేవకండి, చెమట ఆరాకే స్నానం.