అమెరికా డిబేట్ చూసేటప్పుడు కాసేపు సౌండ్ ఆపేయండి

అమెరికా అధ్యక్ష డిబేట్ మనకు తెల్లారి ఆరున్నరకు వస్తుంది. 2024 జూన్ 28న తిరుపతి బైరాగిపట్టెడలో పెదనాన్న వాళ్లింట్లో కాఫీ గ్లాసులు పట్టుకుని కూర్చున్నాం, బైడెన్ మాట తడబడగానే పెదనాన్న "అయిపాయ, ఈయప్ప పనైపాయ" అనేశాడు. అన్నట్టే జులై 21న బైడెన్ పోటీ నుంచి తప్పుకున్నాడు. సరే, డాలస్‌లో ఉన్న మా అన్నకు పనికొచ్చే మాట ఆ గంటన్నరలో ఎవరన్నారు అంటే మాత్రం ఇంట్లో ఒక్కరికీ గుర్తు లేదు.

అందుకే ఇలా చేయండి. ఒక కాగితం మధ్యలో గీత గీసి, మొదటి పది నిమిషాలు సౌండ్ తీసేసి చూడండి, ఎవరు నచ్చారో ఎడమవైపు రాసేయండి. అది ఇమేజ్ ఖాతా. 1960 డిబేట్‌కు నిక్సన్ మోకాలి ఇన్ఫెక్షన్‌తో ఆస్పత్రిలో ఉండి వచ్చి, టీవీలో పాలిపోయి కనిపించాడు, పక్కనే కెనడీ నిగనిగలాడుతున్నాడు. (రేడియోలో విన్నవాళ్లు నిక్సనే నెగ్గాడన్నారని ఒక కథ తిరుగుతుంటుంది, దానికి ఆధారం అంతంతమాత్రమే, వాట్సాప్‌లో పంపకండి.) 1992లో పెద్ద బుష్ డిబేట్ మధ్యలో వాచీ చూసుకున్నాడు, జనం ఇప్పటికీ అదే చెప్పుకుంటారు. ఇమేజ్ అంతా ఉత్తదే అనను, మనిషి కుర్చీలో నాలుగేళ్లు పనిచేయగలడా అనేది కూడా చూడాల్సిందే. ఇమేజ్‌నూ, చెప్పిన విషయాన్నీ కలిపేయకుండా ఉంటే చాలు.

కుడివైపు అసలు పని. మీ ఇంటికి సంబంధించిన ఒకే ఒక్క విషయం పట్టుకోండి, మాకైతే హెచ్‌1బీ, అంటే అక్కడ ఉద్యోగం చేయడానికి ఇచ్చే వీసా. డిబేట్ అయ్యాక పూర్తి పాఠం నెట్‌లో పెడతారు, అందులో ఆ విషయం వెతికి, "బాగుచేస్తాం" లాంటివి కొట్టేసి, అంకె, గడువు, ఖర్చు ఎవరిది అనేవి మిగిలితే రాసుకోండి. తర్వాత ఇంకో ప్రశ్న: ఇది అధ్యక్షుడు సంతకంతో చేయగలడా, కాంగ్రెస్ (అంటే అక్కడి పార్లమెంటు) చట్టం మార్చాలా? హెచ్‌1బీలో ఏడాదికి 65,000, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20,000 అనే పరిమితి చట్టంలో ఉంది, అధ్యక్షుడు ఒక్కడే పెంచలేడు. అదే 2025 సెప్టెంబర్‌లో ట్రంప్ ఒక్క ప్రకటనతో కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు పెట్టాడు. పెంచడానికి కాంగ్రెస్ కావాలి, బిగించడానికి ఒక సంతకం చాలు అన్నమాట.

2024 సెప్టెంబర్ 11 పొద్దున ట్రంప్, హారిస్ డిబేట్‌కు పెదనాన్న చేత ఇదే చేయించాను. ఎడమవైపు "తానే వెళ్లి షేక్‌హ్యాండ్ ఇచ్చింది, ధైర్యం ఉండాది" అని రాశాడు. కుడివైపు ఖాళీ. సాయంత్రం దాన్ని ముందు పెట్టుకుని అన్నకు ఫోన్ చేశాడు.