హోమియో పాఠాలు 4: సీసా మీది అంకెను చదవడం

మదర్ టింక్చర్ (ఇంకా పలుచన చేయని మూల మందు ద్రవం) గురించి గత పాఠంలో చూశాం. దాని నుంచి పొటెన్సీలు (30సి లాంటి పలుచన స్థాయిలు) ఎలా కడతారన్నది ఈ పాఠం.

ముందు ఒక తికమక తీరాలి. 30సి అన్నప్పుడు ఆ 30 మోతాదు కాదు. మందును పలుచన చేసి కుదపడం ఎన్నిసార్లు జరిగిందో చెప్పే లెక్క అది. ఒక్కోసారి ఎంత పలుచన చేశారన్నది పక్కనున్న అక్షరం చెబుతుంది. ఎక్స్ అయితే 1 పాలు మందుకు 9 పాళ్ల ద్రవం, సి అయితే 99 పాళ్లు. రెండు మాత్రలు వేసుకున్నా నాలుగు వేసుకున్నా మారేది మోతాదే, పొటెన్సీ అదే.

చేసి చూడండి. మందు అక్కర్లేదు, చిక్కగా కలిపిన తినే రంగు నీళ్లు చాలు. నాలుగు చిన్న సీసాలకు అంకెలు వేసి, ఒక్కోదాంట్లో 9.9 మి.లీ. నీళ్లు పోయండి. పైన మూడో వంతు ఖాళీ ఉండాలి, నిండుగా ఉంటే లోపల ద్రవం కదలదు. మొదటి సీసాలో 0.1 మి.లీ. రంగు వేసి, మూత బిగించి, దళసరి అట్ట పుస్తకం మీద 10 సార్లు గట్టిగా తట్టండి. అది 1సి. అందులోంచి 0.1 మి.లీ. రెండో సీసాలోకి, మళ్లీ 10 తట్లు. ఇలాగే చివరిదాకా. మూడో సీసాకి వచ్చేసరికి రంగు కంటికి ఆనదు.

ఎక్కువమంది తప్పేది పిపెట్ (ద్రవాన్ని కొలిచి తీసే సన్నని గొట్టం) దగ్గర. ప్రతి మెట్టుకూ కొత్తది వాడాలి. పాతదానికి అంటిన 1సి ద్రవం 0.01 మి.లీ. నాలుగో సీసాలో పడిందంటే, 4సి అని రాసుకున్నది నిజానికి 3సి కంటే చిక్కనిది అవుతుంది. చుక్కలు లెక్కపెట్టి కొలవడమూ వద్దు: ఆల్కహాల్ చుక్క నీటి చుక్క కంటే చిన్నది.

6ఎక్స్, 3సి రెంటిలోనూ మందు పాలు ఒకటే, పది లక్షల్లో ఒకటి. అయితే కుదుపు విడతలు ఒకదానికి 6, రెండోదానికి 3 కాబట్టి హోమియో వైద్యులు వీటిని వేర్వేరుగానే లెక్కిస్తారు. 1ఎం అంటే 1000సి, పది లక్షలని పొరబడకండి.

ఈ పద్ధతిలో మెట్లు పెరిగేకొద్దీ 'హై పొటెన్సీ' అంటారు, పదార్థం మాత్రం తగ్గుతూ పోతుంది. ఒక మోల్ (దాదాపు 6 × 10^23 అణువులు) పదార్థంతో మొదలుపెట్టినా 12సి దగ్గర సగటున ఒక్క అణువు కూడా మిగలదు. 30సిలో మూల పదార్థం ఉండే అవకాశం దాదాపు సున్నా. ఏ జబ్బుకైనా హోమియో పనిచేస్తుందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదని ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి 2015లో తేల్చింది. కాబట్టి డాక్టరు రాసిన మందులు దీన్ని నమ్ముకుని ఆపకూడదు.

అసలు జాగ్రత్త కింది మెట్ల దగ్గర కావాలి. ఆర్సెనికం 3ఎక్స్ అంటే వెయ్యిలో ఒక పాలు ఆర్సెనిక్, విషమే. 'లో పొటెన్సీ కదా' అని తేలిగ్గా తీసుకోవద్దు.

అభ్యాసం: 8ఎక్స్‌లో మందు పాలు ఎన్ని సికి సమానం? జవాబు వచ్చే పాఠంలో, ఎల్ఎం (మరో రకం పలుచన కొలమానం) లెక్కతో పాటు.