కొత్త బ్లూస్ పాట వచ్చింది, ఎవరికి పంపాలి?

కొత్త ఆల్బమ్‌లు శుక్రవారం వస్తాయి. 2015 జులై నుంచి చాలా దేశాల్లో రికార్డు కంపెనీలు ఈ రోజునే పెట్టుకున్నాయి. మనకైతే గురువారం అర్ధరాత్రి దాటగానే ఫోన్లో కనిపిస్తాయి. కనిపించిందే తడవుగా లింకు కాపీ చేసి తెలిసినవాళ్లందరికీ ఒకేసారి పంపేసే అలవాటు మీకుంటే ముందు అది మానండి. అలా వచ్చిన లింకును ఎవరూ తెరవరు. ముందు మనిషిని ఎంచుకోండి, పాట సంగతి ఆ తర్వాత చూద్దాం.

నాది పాలకొల్లు. పెళ్లిళ్లకీ తీర్థాలకీ సౌండ్ సిస్టమ్ అద్దెకిచ్చే షాపు. ఒకప్పుడు ఇదే షాపు క్యాసెట్ రికార్డింగ్ సెంటరు. పాటల పేర్లు కాగితం మీద రాసుకొచ్చి, 60 నిమిషాలది గానీ 90 నిమిషాలది గానీ ఖాళీ క్యాసెట్ ఇచ్చి వెళ్లేవారు. రాసిన పాటలన్నీ ఎక్కించాక రెండో వైపు చివర నాలుగైదు నిమిషాల టేపు మిగిలేది. అక్కడ వాళ్లు అడగని పాట ఒకటి వేసేవాణ్ణి. కువైట్ నుంచి సెలవుకొచ్చినవాళ్ల క్యాసెట్లలో బ్లూస్, సోల్ దొరికేవి, రెండూ అమెరికా నల్లజాతివాళ్ల సంగీతం. వాటిలో ఏది వేయాలో ఆ కాగితమే చెప్పేది. ఘంటసాల ఎక్కువుంటే నిండైన గొంతున్న పాట, ఇళయరాజా ఎక్కువుంటే బేస్ గిటార్ నడక బాగున్న పాట. మళ్లీ వచ్చినప్పుడు "చివర్లో అదేంటండీ, ఇంకా ఉన్నాయా?" అని అడిగినవాళ్లు చాలామందే ఉన్నారు. ఇప్పటికీ నేను పాట చెప్పే పద్ధతి అదే.

కాగితం లేదు కాబట్టి ఇప్పుడు నోటితో అడగాలి. "మీకెలాంటి సంగీతం ఇష్టం?" అంటే "అన్నీ వింటామండి" అనే జవాబొస్తుంది, దానితో ఏ పనీ జరగదు. "ఈ మధ్య అయిపోగానే మళ్లీ మొదటి నుంచి పెట్టుకున్న పాటేది?" అని అడగండి. చెప్పాక, అందులో ఏ ముక్క కోసం వెనక్కి జరిపారో కూడా అడగండి. గిటారు కోసమా, గొంతు కోసమా, డ్రమ్ము దెబ్బ కోసమా, మాట కోసమా? అది తేలితే సగం పని అయినట్టే.

గిటారు మనుషులకు చెప్పడం తేలిక. కింగ్‌ఫిష్ అని పిలుచుకునే క్రిస్టోన్ ఇన్‌గ్రమ్ దగ్గర మొదలుపెట్టండి. 1999లో మిసిసిపీ రాష్ట్రంలోని క్లార్క్స్‌డేల్‌లో పుట్టాడు. 2021లో వచ్చిన అతని ఆల్బమ్ పేరు 662. ఉత్తర మిసిసిపీ ఫోన్ కోడ్ అది. అమలాపురం కుర్రాడెవరైనా తన ఆల్బమ్‌కి 08856 అని పేరు పెట్టుకున్నట్టు. ఈ ఒక్క ముక్క చెబితే చాలు, ఆ పేరు మర్చిపోరు. ఆ ఆల్బమ్‌కి గ్రామీ వచ్చింది, కానీ నేను గ్రామీ సంగతి ఆఖర్న చెబుతాను, ఒక్కోసారి అసలు చెప్పను. బహుమతి పేరు ముందు వింటే మనిషి పరీక్ష పెట్టినట్టు వింటాడు.

గొంతు కోసం వినేవాళ్లకు థీ సేక్రెడ్ సోల్స్ పంపుతాను. శాన్ డియాగో బ్యాండు. మొదటి ఆల్బమ్ 2022లో, రెండోది 2024లో వచ్చాయి. జాష్ లేన్ పాడుతుంటే బేసూ డ్రమ్మూ పక్కకు తప్పుకుని దారిస్తాయి. లండన్‌లో పుట్టిన మైకేల్ కివానుకా కూడా వీళ్లకు నచ్చుతాడు, అయితే ఆయన పాటలు నిదానంగా ఎక్కుతాయి. "రెండోసారి వినండి" అని ముందే చెప్పి పంపాలి.

మన వైపు సోల్ పాటకు సిద్ధంగా ఉన్న చెవులు నరసాపురం, భీమవరం చర్చి క్వయర్లలో ఉన్నాయి. ఒకరు అందుకుంటే మిగతావాళ్లు బదులు పలకడం, అదే మాట మళ్లీ మళ్లీ అంటూ పైకి తీసుకెళ్లడం వాళ్లకు రోజూ ఉన్న పనే. అమెరికాలో సోల్ పుట్టిందీ చర్చి పాటలోంచే. సోల్ గాయని అరెతా ఫ్రాంక్లిన్ నాన్నగారు డెట్రాయిట్‌లో పాస్టరు. క్వయర్‌లో పాడేవాళ్లకు నేను చెప్పేది యానీ అండ్ ద కాల్డ్‌వెల్స్. మిసిసిపీలో వెస్ట్ పాయింట్ అనే ఊరి కుటుంబం. యానీ, ఆమె కూతుళ్లు పాడతారు, భర్త గిటారు, కొడుకులు బేసూ డ్రమ్సూ. 2025లో వచ్చిన వాళ్ల ఆల్బమ్‌ను సొంత ఊరి చర్చిలోనే రికార్డు చేశారు. పాటలు కొన్ని పొడుగ్గా సాగుతాయి, ఆ సంగతి దాచకండి. "వంట చేసుకుంటూ పెట్టుకోండి అక్కా, కట్ చేయకండి" అని రాస్తే వింటారు.

పాట వినే చోటును కూడా లెక్కలోకి తీసుకోండి. మా బావ ఉండి అనే ఊరి దగ్గర రొయ్యల చెరువులు చేస్తాడు. రాత్రిపూట గట్టు మీద కాపలా, నాలుగు పక్కలా ఏరేటర్లు తిరుగుతుంటాయి, చేతిలో చిన్న బ్లూటూత్ స్పీకరు. ఏరేటర్ హోరు కింది స్వరాలన్నింటినీ మింగేస్తుంది. మెత్తని బేస్ మీద నడిచే సోల్ అక్కడ వినపడదు. ఆ హోరును చీల్చుకుని వచ్చేది మౌత్ ఆర్గాన్. అందుకని బావకు మౌత్ ఆర్గాన్ వాయించే బ్లూస్ గాయకుడు బాబీ రష్ పాట పంపుతాను. 2017లో మొదటి గ్రామీ అందుకున్న పెద్దాయన. 2025లో గిటారిస్టు కెన్నీ వేన్ షెపర్డ్‌తో కలిసి ఒక ఆల్బమ్ చేశాడు. మేత వేసి వచ్చి కూర్చున్నాక వినడానికి సరిపోతుంది. అదే పాటను కారులో వినేవాళ్లకైతే ఇంకోలా చెబుతాను.

అందుకే పంపే ముందు మీరు వినే పద్ధతి కూడా మార్చుకోవాలి. మొదటిసారి ఫోన్ బోర్లా పెట్టి మొత్తం వినండి. రెండోసారి బేసూ డ్రమ్మూ తప్ప మరేదీ పట్టించుకోకండి. మూడోసారి వాల్యూమ్ బాగా తగ్గించండి, పక్క గదిలో ఎవరో పెట్టుకున్నారన్నంతగా. మైకు పనిలో మేం చేసేదే ఇది. అంత సన్నని చప్పుడులో కూడా గొంతు చెదరకుండా నిలబడితే ఆ రికార్డింగ్ ఎక్కడైనా పలుకుతుంది. గొంతు మునిగిపోయి తాళాల చప్పుడొక్కటే మిగిలితే హెడ్‌ఫోన్లు ఉన్నవాళ్లకే పంపండి.

"డెల్టా బ్లూస్" అని రాసినప్పుడు ఒక్క వాక్యం కలపండి. మనకు డెల్టా అంటే ధవళేశ్వరం దిగువన పాయలు చీలి సముద్రంలో కలిసే నేల. వాళ్ల మిసిసిపీ డెల్టా సముద్రానికి దూరంగా, మిసిసిపీ, యాజూ నదుల మధ్య ఉన్న పల్లపు భూమి. పత్తి పండిన నేల. వరద మాత్రం ఇద్దరికీ తెలుసు. 1927లో మిసిసిపీ పొంగి ఆ ప్రాంతమంతా మునిగింది. దాని మీద బ్లూస్ గాయకుడు చార్లీ ప్యాటన్ 1929లో పాడి రికార్డు ఇచ్చాడు. 1986 ఆగస్టు వరద చూసిన లంక ఊళ్ల పెద్దవాళ్లకు కొత్త బ్లూస్ చెప్పాలంటే నేను ముందు ఆ పాట వినిపిస్తాను. పాత రికార్డు కాబట్టి గీతల చప్పుడు చాలా ఉంటుంది, "ఓపిక పట్టండి మాస్టారూ" అని చెప్పి మరీ పెడతాను. ఆ తర్వాతే కొత్తది. ప్యాటన్ ఉన్న డాకరీ అనే పత్తి ఎస్టేటులోనే పాప్స్ స్టేపుల్స్ పెరిగాడు, ప్యాటన్ వాయించడం విన్నాడు. ఆ పాప్స్ కూతురే గాయని మేవిస్ స్టేపుల్స్. 1939లో షికాగోలో పుట్టింది. 2025 నవంబరులో ఆమె కొత్త ఆల్బమ్ వచ్చింది. వరద పాట విన్న మనిషి చేతికి ఈ దారి అందిస్తే కొత్త ఆల్బమ్ పరాయిదనిపించదు. కొత్త విడుదల ఏదైనా సరే, వినేవాళ్లకు ముందే తెలిసిన దానికి ఒక్క అడుగు దూరంలో ఉండాలి. మూడడుగుల దూరంలో ఉంటే మధ్యలో మీరు ఇంకో పాట వేయాలి.

కొత్తది అని చెప్పే ముందు అది నిజంగా కొత్తదేనా చూసుకోండి. బ్లూస్, సోల్‌లో పాత రికార్డింగులు కొత్త అట్టతో మళ్లీ మళ్లీ వస్తుంటాయి. ఆల్బమ్ పేజీ అడుగున వలయంలో పి అక్షరం పక్కన ఉండే సంవత్సరం చూడండి. అయితే రీమాస్టర్ చేసినవాటికి, అంటే పాత టేపు శబ్దాన్ని మెరుగుపరిచి మళ్లీ వేసినవాటికి, అక్కడ కూడా కొత్త సంవత్సరమే వేస్తారు కాబట్టి, పాడిన మనిషి ఎప్పటివాడో కూడా ఒకసారి వెతకాలి. సోల్ గాయకుడు ఓటిస్ రెడ్డింగ్ 1967 డిసెంబరులో విమాన ప్రమాదంలో పోయాడు. ఆయన పేరుతో ఈ ఏడాది ఏదైనా వస్తే అది పాత టేపే. పాతదైతే పాతదని చెప్పి సంతోషంగా పంపండి. ఇప్పుడు ఇంకో తలనొప్పి మొదలైంది, కంప్యూటరు తయారుచేసిన బ్లూస్. గాయకుడి పేరుంటుంది, డ్రమ్మరెవరో ఉండదు, కచేరీ వీడియో ఒక్కటీ ఉండదు, నెలకో ఆల్బమ్ దిగుతుంది. అలాంటిది నేను ఎవరికీ పంపను. బ్లూస్ గిటారిస్టు బడ్డీ గై 2025 జులై 30న, తన 89వ పుట్టినరోజున, కొత్త ఆల్బమ్ విడుదల చేశాడు. అలాంటి మనుషులు ఇంకా పాడుతుంటే వినేవాళ్ల సమయం వాళ్లకు దక్కాలి.

ఎక్కడ వెతకాలంటే, లేబుళ్లను, అంటే రికార్డు కంపెనీలను పట్టుకోండి. షికాగోలో 1971 నుంచి నడుస్తున్న అలిగేటర్ బ్లూస్‌కి, బ్రూక్లిన్‌లోని డాప్‌టోన్, ఒహాయోలోని కోల్‌మైన్ సోల్‌కి. మన దేశంలో షిల్లాంగ్ బ్యాండు సోల్‌మేట్ 2003 నుంచి బ్లూస్ వాయిస్తోంది, ఇంగ్లీషు పాటంటే బెరుకున్నవాళ్లకు అది మంచి గుమ్మం.

ఇక రాయడం. ఒక మనిషికి ఒక పాట, నాలుగైదు లైన్లు. "అద్భుతం", "మాస్టర్‌పీస్" లాంటి మాటలు వద్దు, చదివేవాళ్లకు వాటిలో వినాల్సినదేమీ దొరకదు. నేను మొన్న రాసింది ఇది: "బాబాయ్, గిటారు సాగదీసి వాయిస్తే మీకిష్టం కదా. ఈ కుర్రాడిది క్లార్క్స్‌డేల్. ఒక లైను పాడి ఆపుతాడు, అక్కడ గిటారు ఏం బదులిస్తుందో చూడండి. యాస అర్థం కాకపోయినా పర్లేదు, మొదటి లైనే రెండోసారి వస్తుంది, మూడోది దానికి జవాబు. తొందరేం లేదు." బ్లూస్‌లో చాలా పాటల కట్టు ఇదే. ఇది తెలిస్తే కొత్తవాళ్లకు సగం టెన్షన్ పోతుంది. పాట సారాంశం తెలుగులో ఒక్క ముక్క రాయొచ్చు, మొత్తం అనువాదం చేసి పెట్టకండి, చదువుతూ కూర్చుని వినడం మానేస్తారు.

వారం దాకా "విన్నారా?" అని అడగకండి. మొహమాటానికి "బాగుందండి" అంటారు. ఆ తర్వాత "ఎక్కడ ఆపేశారు?" అని అడగండి. మొదట్లోనే ఆపేశామంటే నడక నచ్చలేదని, చివర్లో ఆపేశామంటే నిడివి ఎక్కువైందని. పేరు, పంపిన పాట, ఆపిన చోటు నోట్‌బుక్‌లో రాసుకోండి. తర్వాతి పాట ఆ పేజీ చూసి ఎంచండి.

బాగా నచ్చిందన్నవాళ్లకు కొనుక్కోమని ధైర్యంగా చెప్పండి. స్ట్రీమింగ్‌లో వింటే చిన్న బ్యాండుకు చేరేది చాలా తక్కువ. బ్యాండ్‌క్యాంప్ అనే పాటలమ్మే వెబ్‌సైటులో కొన్ని శుక్రవారాలు కంపెనీ తన వాటా తీసుకోదు, 2020 మార్చిలో మొదలైన పద్ధతి అది. తేదీలు ముందే ప్రకటిస్తారు, ఆ రోజు చూసి కొనమనండి. బ్యాంకు యాప్‌లో కార్డుకు ఇంటర్నేషనల్ లావాదేవీలు ఆన్ చేసుకోమని కూడా చెప్పండి, లేదంటే పేమెంట్ ఫెయిలై అక్కడితో వదిలేస్తారు.