పండుగ స్టాకు ఎత్తేముందు చిన్న డీలర్లు తీసుకోవలసిన జాగ్రత్తలు

తిరుపతి, చిత్తూరు బజార్లలో ఫ్యాన్లు, మిక్సీలు, రంగులు అమ్మే చిన్న డీలర్లు దసరా దీపావళికి సరుకు నింపుకొనే రోజుల్లోనే కంపెనీలతో తగాదాలు కూడా ముదురుతాయి. అరువు ఇచ్చేదీ, స్కీము డబ్బు (అమ్మకాలపై ఇస్తామన్న ప్రోత్సాహకం) జమ చేసేదీ, పక్క వీధిలో మరొకరికి డీలర్‌షిప్ ఇవ్వగలిగేదీ కంపెనీయే కనుక, రావలసిన బకాయిని గట్టిగా అడిగిన డీలరుకు ‘స్టాకు లేదు’ అన్న జవాబు సరిగ్గా పండుగ వారంలోనే రావచ్చు.

అన్నిటికన్నా నేను భయపడేది సెక్యూరిటీ పేరుతో ఇచ్చే ఖాళీ చెక్కులకు. సంతకం చేసి ఇచ్చిన ఖాళీ చెక్కును అవతలివారు నింపుకున్నా, చెక్కు బౌన్సును నేరంగా చూసే సెక్షన్ 138 వర్తిస్తుందనీ, బాకీ లేదని చూపించుకోవలసిన భారం చెక్కు ఇచ్చినవారిదేననీ సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. నేరం రుజువైతే రెండేళ్ల వరకు జైలు గానీ, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఆ చట్టానికి 2015లో చేసిన సవరణ తరువాత, కంపెనీ తన ఖాతాలో వేసుకున్న చెక్కు తిరిగివస్తే, ఆ ఖాతా ఉన్న బ్యాంకు శాఖ పరిధిలోని కోర్టులోనే కేసు నడుస్తుంది. ఆ శాఖ చెన్నైలో ఉంటే చిత్తూరు డీలరు వాయిదాలకు చెన్నై తిరగవలసిందే. చెక్కు ఇవ్వక తప్పనప్పుడు, దాని నంబరు, అది ఎంత మొత్తానికి సెక్యూరిటీయో రాసిన ఉత్తరం జతచేసి, కంపెనీ ముద్రతో రసీదు తీసుకోండి. చెక్కు బౌన్సయిందని నోటీసు వస్తే పదిహేను రోజులు దాటకముందే వకీలు చేత జవాబు ఇప్పించండి.

ఏరియా మేనేజరు ఫోనులో చెప్పిన స్కీమును ఆ సాయంత్రమే మెయిలు రాసి ధ్రువపరచమని అడగండి. అతని మీద కూడా టార్గెట్ల ఒత్తిడి ఉంటుంది కనుక గొడవపడవద్దు, కానీ రాతను వదలవద్దు. కంపెనీ పంపిన లెడ్జరు కాగితం మీద సంతకం చేసేముందు, జమ కావలసిన క్రెడిట్ నోట్లను (కంపెనీ మీకు ఇంత జమ చేయాలని తెలిపే పత్రాలను) దాని మీదే రాయండి. సంబంధం చెడుతుందని ఊరుకుంటే, సాధారణంగా మూడేళ్లకు బాకీ వసూలు దావా గడువు దాటిపోతుంది.

డిస్కౌంటు ఇచ్చినందుకు డీలర్లకు జరిమానా వేసిన పద్ధతిపై 2021లో వ్యాపారంలో న్యాయమైన పోటీని చూసే కాంపిటీషన్ కమిషన్ మారుతీ సుజుకీకి 200 కోట్ల రూపాయల జరిమానా విధించింది. అయితే అటువంటి విచారణ ఏళ్ల తరబడి సాగుతుంది, దుకాణం అద్దె మాత్రం నెలనెలా కట్టాలి. అందుకే ఒకే కంపెనీ సరుకు మీద దుకాణాన్ని నిలబెట్టకుండా, కనీసం రెండో బ్రాండునైనా ఇప్పుడే పెట్టుకోండి. సరుకు ఆగిన రోజున ఆర్డరును మెయిలులో మళ్లీ పంపి, ఆపిన కారణాన్ని రాతపూర్వకంగా అడగండి.