తొంభై దాటిన మనిషి ఇంట్లో ఉంటే

మా అత్తగారు తొంభై ఆరో ఏట పోయారు. పంచాయతీ కాగితంలో మరణ కారణం అన్న గడిలో మా మరిది "వృద్ధాప్యం" అని రాసి ఇచ్చేశాడు. ముప్పై ఏళ్లు నర్సుగా చేసినదాన్ని, నాకు ఆ మాట మింగుడుపడలేదు. ఆవిడను తీసుకుపోయింది మండువాలో పట్టిన ఆషాఢం పాకుడు. జారి పడ్డారు, తుంటి విరిగింది. ఈ వయసులో ఆపరేషన్ ఎందుకన్నారు అందరూ, నేనూ గట్టిగా మాట్లాడలేదు. మూడు వారాలు మంచం మీదే ఉన్నారు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది.

ఇది మా ఇంటి కథే కాదు. ఇంగ్లండులో 2001 నుంచి 2010 వరకు నూరేళ్లు నిండి చనిపోయిన 35,867 మంది కాగితాలు తీసి చూశారు. నూటికి ఇరవై ఎనిమిది మందికి వృద్ధాప్యమే కారణమని రాశారు. దాని తర్వాతి స్థానం నిమ్ముదే, సుమారు పద్దెనిమిది శాతం. మనం హడలిపోయే క్యాన్సర్ ఐదు శాతం కూడా లేదు. కాబట్టి మన కాపలా ఎక్కడుండాలో చూడండి.

ముందు నేల. మా కోనసీమ పెంకుటిళ్లలో మండువా, నూతిగట్టు, దొడ్డిదారి వానాకాలమంతా పచ్చగా ఉంటాయి. బ్లీచింగు చల్లి కొబ్బరిపీచుతో రుద్దాలి, వారానికోసారి చాలదు. రాత్రి దొడ్లోకి నడిపించకండి, మంచం పక్కనే కమోడు కుర్చీ వేయండి. బీపీ మాత్రలు వేసుకునేవారు చటుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి. లేవగానే పట్టె మీద కూర్చోబెట్టి, వక్కపలుకు నమిలేంత సేపు ఆగనివ్వండి.

పడ్డాక లేవలేకపోతున్నారా, ఒక కాలు పొట్టిగా కనిపిస్తూ పాదం బయటికి తిరిగిందా? నాటుకట్టు జోలికి పోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆపరేషన్ చేయదగ్గ స్థితి ఉంటే ఒకటి రెండు రోజుల్లోనే చేయించడం మేలు. వయసు ఒక్కటే అడ్డు కాదు. ఎంత త్వరగా లేపి కూర్చోబెడితే నిమ్ముకు అంత దూరం.

ఈ వయసులో నిమ్ము చప్పుడు చేయదు. జ్వరం రాకపోవచ్చు, దగ్గూ ఉండకపోవచ్చు. మా అత్తగారు ఒకనాడు మధ్యాహ్నం కాఫీ వద్దన్నారు. డెబ్భై ఏళ్లలో వద్దన్న కాఫీ అదే. సాయంత్రానికి నన్ను తన చెల్లెలి పేరుతో పిలిచారు. అలాంటి రోజున పొట్ట మీద చీర కదలిక చూస్తూ నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. ఇరవై ఐదు దాటితే తెల్లారేదాకా ఆగవద్దు.

తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి ఉంచండి. తిన్నాక అరగంట పడుకోనివ్వకండి. మగతలో ఉన్నవారి నోట్లో ఏమీ పోయకూడదు, అది నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చూడటానికి వచ్చి తులసితీర్థానికి తొందరపడే చుట్టాలుంటారు, వారిని వసారాలో కూర్చోబెట్టి మజ్జిగ ఇవ్వండి.

వేసవిలో, కాలువలు కట్టేసిన రోజుల్లో, దాహం వేయకపోయినా గంట గంటకూ రెండు గుక్కలు తాగించండి. ముసలి ఒంటికి దాహం సరిగా తెలియదు. కొబ్బరిబొండాలు ఇంట్లోనే ఉన్నాయి కదా అని పోసేయకండి. మూత్రపిండాల జబ్బుంటే వాటిలోని పొటాషియం చేటు చేస్తుంది, డాక్టరును అడగండి.

ఇక అన్నిటికీ క్యాలెండరు. పడిన రోజు, తిండి తగ్గిన రోజు, ఆయాసం మొదలైన రోజు తేదీ మీదే గుర్తు పెట్టండి. డాక్టరు ముందుగా అడిగేది అదే. మా ఇంట్లో క్యాలెండరు నిండా పాల లెక్కలే. అత్తగారు ఏ రోజు పడ్డారని ఆయన అడిగితే, మేం ముగ్గురం మూడు తేదీలు చెప్పాం.