బ్యాంకు ఉద్యోగం పాపమా? బైబిలు తెరిచి మీరే తేల్చుకోవడం ఎలా

మా పిన్ని కొడుక్కి బ్యాంకు క్లర్కు ఉద్యోగం వచ్చిన వారమే, ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్ద ఒకాయన వాణ్ణి పక్కకు పిలిచి "వడ్డీ సొమ్ము తినడం పాపం బాబూ, కీర్తనల్లోనే ఉంది, ఆలోచించుకో" అన్నారు. ఆయన చెప్పింది 15వ కీర్తన, అందులో ఆ మాట ఉన్నది నిజమే. కాకపోతే ఆ పెద్దాయన ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి ప్రోనోట్లు రాయించుకుంటారు, అంటే ఏడాదికి 36 శాతం. వీడేమో జాయినింగ్ లెటర్ చేతిలో పెట్టుకుని టెన్షన్‌తో నా దగ్గరికొచ్చాడు. అప్పుడు ఇద్దరం కూర్చుని చేసిన పనే ఇక్కడ రాస్తున్నాను, మీరూ చేసి చూడండి, ఒక సాయంత్రం చాలు.

ఒక నోటుబుక్కు తీసుకోండి. నిర్గమకాండము 22:25, లేవీయకాండము 25:35-37, ద్వితీయోపదేశకాండము 23:19-20, నెహెమ్యా 5వ అధ్యాయం, యెహెజ్కేలు 18, మత్తయి 25:27, లూకా 6:34-35. ఒక్కో వచనం చదివి, అప్పు తీసుకున్నది ఎవరు, ఎందుకు తీసుకున్నారు అన్నది మాత్రం పక్కన రాసుకోండి. వడ్డీ తప్పా ఒప్పా అని అప్పుడే రాయొద్దు. నిర్గమకాండంలో బీదవాడు. లేవీయకాండంలో చితికిపోయిన సహోదరుడు. నెహెమ్యాలో కరువొచ్చి ధాన్యం కోసం, రాజుకు పన్ను కట్టడం కోసం పొలాలు కుదువపెట్టి చివరికి పిల్లల్ని దాసులుగా అప్పగించినవాళ్లు. వ్యాపారం పెంచుకుందామని అప్పు చేసినవాడు ఈ పట్టికలో దాదాపు కనపడడు.

ఒక్క ద్వితీయోపదేశకాండం దగ్గర చిక్కు వస్తుంది, దాన్ని దాటేయకండి. అక్కడ బీదవాడు అన్న మాట లేదు, సహోదరుడి దగ్గర వడ్డీ తీసుకోకూడదు, పరదేశి దగ్గర తీసుకోవచ్చు అని ఉంది. దీన్ని రకరకాలుగా వివరిస్తారు గానీ నాకు అర్థమైంది ఇది: వడ్డీ అన్నదే దొంగతనం లాంటిదైతే పరదేశి దగ్గర మాత్రం ఎలా సరే అంటుంది? పరదేశిని దోచుకోవచ్చు అని ధర్మశాస్త్రంలో ఎక్కడా లేదు కదా. ఇక మత్తయిలో, తానిచ్చిన డబ్బును వాడకుండా నేలలో పాతిపెట్టిన దాసుడితో యజమాని "సాహుకారుల దగ్గర వేస్తే వడ్డీ అయినా వచ్చేది" అంటాడు, బ్యాంకు ఉద్యోగులందరం పట్టుకు వేలాడే వచనం ఇదే. కానీ అది ఉపమానం, పైగా ఆ దాసుడి నోట ఆ యజమాని కఠినుడు. దీనొక్కదాని మీద ఇల్లు కట్టొద్దు.

హీబ్రూలో వడ్డీకి వాడిన మాటల్లో ఒకటి నెషెక్, కాటు అని. సంఖ్యాకాండము 21లో పాములు జనాన్ని కరిచినప్పుడు వాడిన క్రియ కూడా ఆ ధాతువుదే. కాబట్టి ఈ అప్పు తీసుకున్నవాడికి పనికొస్తుందా, వాణ్ణి కాటేస్తుందా అని అడగండి. సంఘం కూడా ఇక్కడికి రావడానికి చాలా కాలం పట్టింది, 325లో బిషప్పులు కూడిన నైసియా సభ వడ్డీకిచ్చే మతగురువులను పదవిలోంచి తీసేయమంది, 1545లో ప్రొటెస్టెంట్ సంస్కర్త కాల్విన్ ఒక ఉత్తరంలో వ్యాపారానికిచ్చిన అప్పు మీద మితమైన వడ్డీ తప్పు కాదు, బీదవాడి దగ్గర మాత్రం తీసుకోకూడదు అన్న అర్థంలో రాశాడు.

తర్వాత మీ సీటు సంగతి. "బ్యాంకులో పని" అని ఒకటే ముద్దగా ఆలోచిస్తే ఎప్పటికీ తేలదు. కౌంటర్లో క్యాష్ తీసుకుంటున్నారా, లోన్లు ఇస్తున్నారా, వసూళ్లకు వెళ్తున్నారా, లోను కోసం వచ్చిన రైతుకు ఇన్సూరెన్స్ పాలసీ అంటగట్టి టార్గెట్ పూర్తి చేస్తున్నారా? బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి సుంకరులు, అంటే పన్ను వసూలు చేసేవాళ్లు వచ్చి మేమేం చేయాలి అంటే ఉద్యోగం మానేయమనలేదు, నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు (లూకా 3:13).

లోన్లు ఇచ్చే సీటైతే లెక్క నోటితో చెప్పడం అలవాటు చేసుకోండి. 50,000 అప్పు, 12 శాతం ఫ్లాట్ వడ్డీ, ఏడాదిలో నెలనెలా తీర్చాలి అనుకోండి. వడ్డీ 6,000, వాయిదా 4,667 అవుతుంది. అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు 50,000 మీదే వేశారు కాబట్టి నిజంగా పడేది 21 శాతం దాటుతుంది. ఇది తెలిసీ "పన్నెండే అమ్మా" అన్నారంటే కాటు అక్కడే పడింది.

వసూళ్ల సీటైతే ద్వితీయోపదేశకాండము 24 రోజూ చదవండి, వెటకారానికి అనడం లేదు. తాకట్టు వస్తువు కోసం అప్పులవాడి ఇంట్లోకి వెళ్లకూడదు, బయటే నిలబడాలి, వాడే తెచ్చివ్వాలి. తిరగలి తాకట్టు పెట్టుకోకూడదు, ఎందుకంటే అది వాడి బతుకుతెరువు. కప్పుకునే బట్ట పొద్దుగూకేలోపు తిరిగివ్వాలి. మన దగ్గర తిరగలి అంటే కుట్టుమిషను, ఆటో. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత బాకీ కోసం ఫోన్లు చేయకూడదని రికవరీ ఏజెంట్లకు రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది, వేల ఏళ్ల కిందటి గడప దగ్గర నిలబడమన్న మాటకు ఇది చాలా దగ్గర. 2010లో మైక్రోఫైనాన్స్ వసూళ్ల ఒత్తిడికి అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆత్మహత్యలు జరిగి ప్రభుత్వం ఆర్డినెన్సే తేవాల్సొచ్చింది. అలా ఇంటి ముందు కూర్చుని పరువు తీయమని మీ పైవాళ్లు ఒత్తిడి చేస్తే వేరే సీటు అడగండి, ఇవ్వకపోతే వేరే ఉద్యోగం చూసుకోండి, ఇందులో నాకు అనుమానం లేదు.

చివరగా మీ సొంత డబ్బు. నిజానికి ఈ వచనాలు గట్టిగా తగిలేది ఇక్కడే. అప్పులిచ్చినవాళ్లు వసూలు చేస్తుంటే నెహెమ్యా తిరిగిచ్చేయమన్న నూరవ వంతు వడ్డీ నెలకు అని చాలామంది వివరిస్తారు, అంటే మనం ధర్మవడ్డీ అని గర్వంగా చెప్పుకునే నూటికి రూపాయే! ఆస్పత్రి ఖర్చుకో పిల్ల ఫీజుకో సంఘంలోవాళ్లు అడిగితే వడ్డీ వద్దు, పోయినా తట్టుకోగలిగినంతే ఇవ్వండి, లేకపోతే లేదని చెప్పేయండి. షాపు పెట్టుకోవడానికి అడిగితే అది వేరు, కాగితం రాసుకుని బ్యాంకు రేటు తీసుకోవచ్చు.

మావాడు ఉద్యోగంలో చేరాడు. మొన్న ఆ పెద్దాయన పంట రుణం రెన్యువల్‌కి వాడి కౌంటరు దగ్గరికే వచ్చారట, గడువులోపు కడితే 4 శాతమే పడే లోను అది. "ఆ మూడు లక్షలు ఎప్పుడు వేస్తారు బాబూ" అని అడిగారట.